పాత బోర్డో తరహా రెడ్ వైన్‌ను రుచి చూసి అంచనా వేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

వైన్ ఎంత పాతదైతే అంత గొప్పదన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. నిజానికి ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం సీసాలో నింపిన కొద్ది ఏళ్లలోనే తాగేయాల్సినది. దాన్ని ఇరవై ఏళ్లు దాచితే పండు రుచి పోయి పులుపు మాత్రం మిగులుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం తరహాలో కొన్ని ద్రాక్ష రకాలను కలిపి చేసే మిశ్రమాలకు ఈ విషయంలో మెరుగైన పేరుంది కానీ వాటిలోనూ అన్నీ బతకవు. అందుకే పాత సీసా ముందు కూర్చున్నప్పుడు వాసనల జాబితా రాయాలన్న తొందర పక్కన పెట్టి, ఒకే ప్రశ్నకు జవాబు వెతకాలి: ఈ వైన్ తన జీవితంలో ఎక్కడ ఉంది? ఇంకా ఎదుగుతోందా, నిండుగా ఉందా, దిగజారుతోందా? రంగు, వాసన, రుచి అన్నీ ఆ జవాబుకు సాక్ష్యాలే.

1. సీసాలో ఏముందో ముందే తెలుసుకోండి

బోర్డో ఉన్న ఫ్రాన్స్ నైరుతి భాగంలో గరోన్, డోర్డోన్ నదులు కలిసి జిరోండ్ అనే విశాలమైన నదీముఖంగా మారతాయి. దాని ఎడమ ఒడ్డున మెడోక్ ప్రాంతం ఉంది. పోయాక్, సెయింట్ జూలియన్, మార్గో, సెయింట్ ఎస్టెఫ్ అనే వైన్ గ్రామాలు అక్కడివే. గులకరాళ్ల నేల వేడిని పట్టి ఉంచి, నీటిని త్వరగా వదిలేస్తుంది కాబట్టి ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యో అనే ద్రాక్ష అక్కడ బాగా పండుతుంది. డోర్డోన్ కుడి ఒడ్డు వైపు ఉన్న పొమెరోల్, సెయింట్ ఎమిలియోన్‌లలో బంకమట్టి, సున్నపురాయి నేలలు ఎక్కువ. అక్కడ మెర్లో ద్రాక్షదే పెత్తనం.

మిశ్రమంలో ఎవరి పని వారిది. కాబర్నే సావిన్యో పండు చిన్నది, తొక్క మందం. వగరు, పులుపు, బ్లాక్ కరెంట్ పండు వాసన దాని నుంచే వస్తాయి. మెర్లో కండ పెడుతుంది, ప్లమ్ పండు మెత్తదనం ఇస్తుంది. కాబర్నే ఫ్రాంక్ సువాసన కోసం, పెతి వెర్దో రంగుకూ వగరుకూ, అదీ కొద్ది పాళ్లలో. మాల్బెక్, కార్మెనేర్‌లకు కూడా అనుమతి ఉంది కానీ నేటి బోర్డోలో అవి తక్కువ. ఈ పంపకం ఎందుకు తెలియాలంటే, మెర్లో ఎక్కువగా ఉన్న వైన్ సాధారణంగా ముందుగా మెత్తబడుతుంది. కాబర్నే ఎక్కువగా ఉన్నది పదిహేనేళ్లకు కూడా మొండికేసి కూర్చోవచ్చు. ఒకే వయసు ఉన్న ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలిస్తే పొరపాటు జరుగుతుంది.

బోర్డో తరహా మిశ్రమాలు ఇప్పుడు చాలా చోట్ల తయారవుతున్నాయి: ఇటలీలోని బోల్గెరి, కాలిఫోర్నియాలోని నాపా, న్యూజిలాండ్‌లోని హాక్స్ బే, ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్, దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్. కాలిఫోర్నియా తయారీదారులైతే 1988లో తమ మిశ్రమాలకు ‘మెరిటేజ్’ అనే పేరే పెట్టుకున్నారు. ఎండ ఎక్కువగా కాసే నాపా వంటి చోట్ల పండు బాగా ముదిరి, ఆల్కహాల్ పెరిగి, పులుపు తగ్గుతుంది. అలాంటి వైన్ పాతబడే తీరు కూడా వేరు: ముందు ఎండు పండ్ల వైపు, జామ్ వైపు వెళ్తుంది, అడవి నేల వాసనలు అందులో తక్కువ.

పంట ఏడాదిని తప్పక చూడండి. బోర్డోలో 1982, 1990, 2005, 2010 బలమైన ఏళ్లు. 1992, 2013 నీరసమైనవి. బలహీనమైన ఏడాది వైన్ ఇరవై ఏళ్లకు అలసిపోయి కనిపిస్తే ఆశ్చర్యం లేదు. మంచి ఏడాది వైన్ అదే వయసులో అలసిపోయిందంటే నిల్వలో ఏదో తప్పు జరిగిందని అనుమానించాలి. లేబుల్ మీద ఆల్కహాల్ శాతం కూడా చదవండి. 1980ల నాటి బోర్డోలో 12, 12.5 శాతం మామూలు. ఇప్పుడు 13.5 నుంచి 14.5 వరకు ఉంటోంది.

2. తెరవకముందే సీసా చెప్పే సంగతులు

సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వైన్ మట్టం ఎంతవరకు ఉందో చూడండి. బోర్డో సీసాకు ఎత్తైన భుజాలు ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష సులువు. మెడ లోపల ఉంటే ఏ వయసుకైనా మంచిదే. ఇరవై ఏళ్లు దాటాక మెడ అడుగుకు దిగడం సహజం. ముప్పై, నలభై ఏళ్ల సీసాలో భుజం పైభాగం దాకా దిగినా కంగారు అక్కర్లేదు. భుజం మధ్యకు దిగిందంటే గాలి బాగా చొరబడిందని లెక్క, ఆశలు తగ్గించుకోవాలి. ఇంకా కిందికి ఉంటే అది చాలావరకు పోయిన సరుకే.

బిరడా మూతి అంచును దాటి పైకి పొడుచుకొచ్చిందా? రేకు కింద నుంచి వైన్ కారిన మరకలు ఉన్నాయా? ఈ రెండూ ఎప్పుడో ఎక్కడో వేడి తగిలిందనడానికి గుర్తులు. లేబుల్ మీద బూజు మరకలు మాత్రం నన్ను భయపెట్టవు. చెమ్మ ఉన్న నేలమాళిగలో బిరడా ఎండిపోకుండా ఉంటుంది. లేబుల్ కొత్తగా మెరుస్తున్న నలభై ఏళ్ల సీసానే నేను రెండోసారి పరికించి చూస్తాను.

3. నిలబెట్టడం, తెరవడం

పాత రెడ్ వైన్‌లో రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి అడుగుకు చేరతాయి. ఆ మడ్డి హానికరం కాదు, కానీ నోట్లో ఇసుకలా తగులుతుంది, చేదుగా ఉంటుంది, వాసనను మందగింపజేస్తుంది. కాబట్టి పడుకోబెట్టి ఉంచిన సీసాను కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజుల ముందు కదలకుండా నిలబెట్టండి. ప్రయాణం చేసి వచ్చిన సీసాకైతే ఒకటి రెండు వారాలు ఇచ్చినా తప్పులేదు.

వడ్డించే వేడి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. గదులు ఇప్పటికంటే చల్లగా ఉండే కాలంలో పుట్టిన ‘గది ఉష్ణోగ్రత’ సలహాను నేటి గదుల్లో పాటించకండి. 24 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా తగిలి సున్నితమైన వాసనలన్నిటినీ మింగేస్తుంది. మరీ చల్లగా ఉంటే వగరు గరుకుగా పైకొస్తుంది. గ్లాసులో ఎలాగూ వేడెక్కుతుంది కాబట్టి 15 దగ్గర మొదలుపెట్టడం మేలు.

రేకును పూర్తిగా తీసేసి సీసా మూతిని తడి గుడ్డతో తుడవండి. ఇరవై అయిదేళ్లు దాటిన బిరడా మధ్యలో మెత్తబడి ఉంటుంది. మామూలు మరసూది దాన్ని పొడి చేస్తుంది. రెండు సన్నని రేకులు ఉండి బిరడాకు, గాజుకు మధ్య దూరే పరికరం ఇలాంటి చోట పనికొస్తుంది: రేకులను అటూ ఇటూ ఊపుతూ దింపి, మెల్లగా తిప్పుతూ లాగాలి. అయినా విరిగితే బెంగపడకండి. శుభ్రమైన సన్నని స్టీలు జల్లెడలోంచి వంపుకుంటే సరిపోతుంది. కాగితపు వడపోత వద్దు, దాని వాసన వైన్‌కు అంటుతుంది.

బిరడాను వాసన చూడటం పెద్ద ఆచారం. దాని వల్ల తెలిసేది తక్కువ. దాన్ని చూడండి. వైన్ పక్కల నుంచి పైదాకా పాకిన చార ఉంటే గాలి వెళ్లిన దారి అదే.

4. డికాంటర్ కావాలా?

డికాంటర్ అంటే సీసాలోని వైన్‌ను వంచుకునే గాజు పాత్ర. దానికి రెండు అవసరాలు ఉన్నాయి, వాటిని కలపకూడదు. ఒకటి, మడ్డిని వేరు చేయడం. రెండు, గాలి తగిలించడం. పాత వైన్‌కు మొదటిది దాదాపు ఎప్పుడూ అవసరమే, రెండోది చాలాసార్లు ప్రమాదం.

ముందు ఒక చెంచాడు గ్లాసులో పోసి వాసన, రుచి చూసి అప్పుడు నిర్ణయించండి. ముడుచుకుని, వగరు గట్టిగా ఉన్న పది, ఇరవై ఏళ్ల కాబర్నే ప్రధాన వైన్‌కు గంట గాలి మేలు చేయవచ్చు. ముప్పై దాటిన దాన్ని తాగబోయే ముందే వంచండి. కొన్ని పాత వైన్‌లు గాలి తగిలిన ఇరవై నిమిషాల్లో విచ్చుకుని, మరో అరగంటలో వాడిపోతాయి. ఆ ఇరవై నిమిషాలు డికాంటర్‌లో గడిచిపోతే అత్యుత్తమ భాగం మీ ముక్కుకు అందకుండానే అయిపోతుంది.

వంచేటప్పుడు సీసా మెడ వెనుక కొవ్వొత్తినో చిన్న టార్చినో ఉంచి, ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోయండి. ఆపి మళ్లీ వంచితే మడ్డి లేచి తిరుగుతుంది. మెడ దగ్గర పొగలాంటి నల్లటి చార కనబడగానే ఆపేయండి. అడుగున రెండు మూడు గుక్కలు మిగిలితే పోనివ్వండి.

5. లేబుల్ కప్పేయండి

గ్లాసు తులిప్ పువ్వు ఆకారంలో, పైకి వచ్చేకొద్దీ ఇరుకుగా ఉండాలి. అందులో 50 మిల్లీలీటర్లు చాలు. గదిలో సెంటు, అగరబత్తి, పువ్వులు, వంట వాసన లేకుండా చూసుకోండి. కాఫీ తాగిన వెంటనే, పళ్లు తోముకున్న వెంటనే కూర్చోకండి. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు సరిపోతాయి. చీజ్ వద్దు. దాని కొవ్వు, మాంసకృత్తులు వగరును కప్పేసి, నాసిరకం వైన్‌ను కూడా మెత్తగా చూపిస్తాయి.

అన్నిటికంటే మోసం చేసేది కన్ను. బోర్డో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో వైట్ వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకు ఇచ్చారు. వారు దాని వాసనను రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. రంగే అంత పని చేస్తే, 1855లో బోర్డో వైన్‌లకు స్థాయిలు ఇచ్చిన వర్గీకరణలో చోటు దక్కిన ప్రసిద్ధ షాతో (వైన్ ఎస్టేట్) పేరు, దాని ధర ఇంకెంత పని చేస్తాయి? పంట ఏడాది, ప్రాంతం మాత్రం తెలుసుకుని, తయారీదారు పేరు కప్పి ఉంచమని వేరొకరికి చెప్పండి.

6. రంగు

తెల్ల కాగితం మీద గ్లాసును 45 డిగ్రీలు వంచి, నడిబొడ్డు రంగు, అంచు రంగు విడివిడిగా చూడండి. లేత వైన్ ఊదా ఛాయతో ఉంటుంది. తర్వాత కెంపు, ఆ తర్వాత గోమేధికం, చివరికి ఇటుక రంగు. తొక్కల నుంచి వచ్చిన ఆంథోసయనిన్లు కాలక్రమంలో టానిన్లతో కలిసి కొత్త రంగు పదార్థాలుగా మారడం, కొంత భాగం అడుగుకు చేరడం ఈ మార్పుకు కారణం.

ఇరవై ఏళ్ల కాబర్నే ప్రధాన బోర్డోలో నడిబొడ్డు గోమేధిక రంగులో, అంచు ఇటుక రంగులో ఉంటే వయసుకు తగ్గట్టే ఉంది. మెర్లో ఎక్కువైతే అంచు కాస్త ముందే పండుతుంది. నడిబొడ్డు కూడా గోధుమ రంగుకు తిరిగి, మెరుపు పోతే ముక్కును జాగ్రత్తగా సిద్ధం చేసుకోండి. గ్లాసు గోడల మీద కారే ‘కన్నీళ్లు’ ఆల్కహాల్ గురించి చెబుతాయి, నాణ్యత గురించి కాదు.

7. వాసన: అసలు పని ఇక్కడే

తొలిసారి గ్లాసును తిప్పకుండా వాసన చూడండి. పాత వైన్‌లో అన్నిటికంటే సన్నని వాసనలు మొదట లేచి మొదట పోతాయి. తర్వాత మెల్లగా రెండు మూడు సార్లు తిప్పి చూడండి. లేత వైన్‌ను తిప్పినట్టు గిరగిరా తిప్పకండి.

వాసనలను మూడు పొరలుగా విడదీయండి. మొదటిది పండు: బ్లాక్ కరెంట్, ప్లమ్, నల్ల చెర్రీ, కొన్నిసార్లు వయొలెట్ పువ్వు. కాబర్నే కుటుంబంలో మెథాక్సీపిరజీన్లు అనే పదార్థాల వల్ల పచ్చి క్యాప్సికం వాసన కూడా వస్తుంది. పండు పూర్తిగా పక్వం కాని చల్లటి ఏళ్లలో అది ఎక్కువ. కొద్దిగా ఉంటే తాజాదనం, పెరిగితే లోపం. రెండోది పీపా: 225 లీటర్ల ఓక్ పీపాలో ఏడాది నుంచి రెండేళ్లు ఉంచడం వల్ల వచ్చే వనిల్లా, లవంగం, పొగ, దేవదారు. పాత వైన్‌లో ఇవి విడిగా కనబడకుండా కలిసిపోయి ఉండాలి. పదిహేనేళ్ల తర్వాత కూడా వనిల్లాయే ముందు పలకరిస్తే, ఆ పీపా వైన్‌కు మించినది.

మూడోది సీసాలో పుట్టినది: సిగార్ పెట్టె, పొగాకు, తోలు, పెన్సిల్ చెక్కిన పొట్టు, ఎండు పుట్టగొడుగు, తడిసిన ఎండాకులు, ట్రఫుల్. జనం పాత వైన్ కోసం డబ్బు పెట్టేది ఈ పొర కోసమే. అయితే తీర్పును నిర్ణయించేది మొదటి పొర. తోలు, పొగాకు కింద ఇంకా పండు, అది ఎండిన ప్లమ్ రూపంలోనైనా సరే, ఊపిరి పీలుస్తూ ఉంటే వైన్ బతికే ఉంది. పండు పూర్తిగా పోయి ఎండాకులు మాత్రమే మిగిలితే అది దిగువ దారి. సోయా సాస్, కాల్చిన చక్కెర, కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసనలు వస్తే గాలికి ఓడిపోయినట్టే.

ఇక లోపాలు. తెరిచిన వెంటనే ముక్కిన వాసన వస్తే సీసాను పారేయకండి. దశాబ్దాలు మూసి ఉన్న సీసాలో అలాంటి దుర్వాసన ఉండి పది, పదిహేను నిమిషాల్లో పోవచ్చు. బిరడా దోషం దీనికి వ్యతిరేకం. 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా తడిసిన అట్టపెట్టె వాసన పుట్టిస్తుంది, పండును తుడిచేస్తుంది, గాలి తగిలేకొద్దీ ఇంకా స్పష్టమవుతుంది. అందువల్ల అనుమానం వస్తే పావుగంట ఆగి మళ్లీ చూడటమే పరీక్ష. గుర్రాల సాల, మందుపట్టీ వాసన బ్రెట్టానోమైసెస్ అనే ఈస్టు పని. పాత బోర్డోలలో దాని జాడ అరుదేమీ కాదు. లేశమాత్రంగా ఉంటే కొందరు ఇష్టపడతారు కూడా. నా వరకు, అది పండును దాటిపోయిన క్షణమే లోపం. వెనిగర్, గోళ్ల రంగు ఘాటు ఉంటే ఆవిరయ్యే ఆమ్లం మితిమీరిందని అర్థం.

8. నోట్లో

ఒక చిన్న గుక్క తీసుకుని పది క్షణాలు నోట్లో తిప్పండి. పెదవులు కొద్దిగా తెరిచి గాలి లోపలికి పీల్చండి. నోటి వెనుక నుంచి ముక్కుకు వెళ్లే వాసనలు అప్పుడే తెలుస్తాయి. తర్వాత ఉమ్మేయండి. మూడో గ్లాసుకే తీర్పు మందగిస్తుంది కాబట్టి ఇందులో మొహమాటం అనవసరం.

పులుపును దవడల పక్కన ఊరే లాలాజలంతో కొలవండి. ఉమ్మేశాక గొంతులో తగిలే వేడి ఆల్కహాల్. వగరును మాత్రం రెండు విధాలుగా చూడాలి: ఎంత ఉంది, ఎలా ఉంది. చిగుళ్లను ఎండబెట్టి గీరుతోందా, లేక నాలుక మీద మెత్తటి పొడిలా పరుచుకుని కరిగిపోతోందా? మంచి పాత బోర్డోలో వగరు పోదు, నునుపెక్కుతుంది.

పాత వైన్ కథంతా పండుకు, వగరుకు మధ్య పరుగుపందెం. వగరు మెత్తబడేలోపు పండు అయిపోకూడదు. 1975 నాటి చాలా బోర్డోల మీద వచ్చిన ఫిర్యాదు ఇదే: వగరు కరుగుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూశారు, పండే ముందుగా ఎండిపోయింది. నోట్లో మధ్యభాగం ఖాళీగా ఉండి, చివర చిగుళ్లు మాత్రం పట్టేస్తే అలాంటి వైన్‌ను ఇంకా దాచడం దండగ. దానికి భవిష్యత్తు లేదు.

ఉమ్మేశాక వైన్ రుచి ఎంతసేపు నిలుస్తుందో క్షణాలు లెక్కపెట్టండి. ఫ్రెంచ్ రుచిచూసేవారు దీనికి ‘కొడాలీ’ అనే కొలత వాడతారు, ఒక కొడాలీ అంటే ఒక సెకను. అయిదారు సెకన్లు సామాన్యం, పన్నెండు దాటితే మంచిది, ఇరవై దాటితే అరుదైనది. పండు, పొగాకు, ఖనిజపు రుచి నిలిచిన సెకన్లనే లెక్కలోకి తీసుకోండి. చేదు, వగరు, ఆల్కహాల్ మంట మిగిలిన సెకన్లు చేర్చకండి.

9. ఆగి మళ్లీ చూడండి

తెరిచినప్పుడు ఒకసారి, పావుగంటకు, అరగంటకు, గంటకు. ప్రతిసారీ ఒక వాక్యం రాయండి. వైన్ ఉన్న దశ ఈ నాలుగు వాక్యాల మధ్య తేడాలోనే బయటపడుతుంది. గంట గడిచినా విచ్చుకుంటూనే ఉంటే ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నాయి. మొదటి అరగంటలో నిండుగా మారి అలాగే నిలబడితే శిఖరం మీద ఉంది. పావుగంటకు అందంగా ఉండి, గంటకు పులుపు మాత్రమే తేలితే దిగుతోంది. మధ్యవయసు వైన్‌లు కొన్ని వాసన, రుచి రెండూ దాచుకుని మూగబోయే దశ కూడా ఉంది. పండు కనబడకపోయినా నోట్లో బరువు, సాంద్రత ఉంటే అది మూగదశ. బరువు కూడా లేకపోతే అది ముగింపు.

10. తీర్పు రాయడం

నాలుగు అంశాలు చూడండి: సమతూకం, గాఢత, సంక్లిష్టత, రుచి నిలిచే కాలం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో రూపొందిన 20 మార్కుల పద్ధతి ఒకటుంది. అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 100 మార్కుల పద్ధతి మరొకటి. పాత వైన్‌కు ఈ రెండూ నాకు నచ్చవు. గంటలో మారిపోయే దానికి ఒకే అంకె ఇస్తే ఏ నిమిషానికి ఇచ్చినట్టు? ఒకే పెట్టెలోని రెండు సీసాలు కూడా పాతికేళ్లకు వేర్వేరుగా ఉంటాయి, ఒక్కో బిరడా ఒక్కో విధంగా గాలిని వదులుతుంది కాబట్టి.

అంకెకు బదులు ఇలా రాయండి: ‘గోమేధికం, ఇటుక అంచు. మొదట మూసుకుని ఉంది, పావుగంటకు దేవదారు, పొగాకు, ఎండిన ప్లమ్. వగరు నునుపు, పులుపు బతికే ఉంది. రుచి పద్నాలుగు సెకన్లు. గంటకు కొంచెం సన్నబడింది. శిఖరం చివర.’ మట్టం ఎంతవరకు ఉందో, బిరడా ఎలా ఉందో కూడా పక్కన చేర్చండి. అదే వైన్ ఇంకో సీసా తెరిచినప్పుడు పోల్చడానికి అవి కావాలి.

ఆ పెట్టెలో ఇంకా సీసాలు ఉంటే వాటి లెక్క కూడా ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఎదుగుతున్నదైతే మూడు నాలుగేళ్ల తర్వాత ఇంకోటి తెరవండి. శిఖరం మీద ఉంటే రెండేళ్లలో పెట్టె ఖాళీ చేయండి. దిగుతుంటే, మట్టం తక్కువగా ఉన్న సీసాతో మొదలుపెట్టి ఈ ఏడాదిలోనే తాగేయండి.